రెండో హారన్

నవంబరు 3, సోమవారం

స్కూలుకు వెళ్ళాను. మా ఆవిడ పోయాక ఇదే మొదటి రోజు.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరు ముందు కూర్చోవాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయారు. నేను కూర్చున్నాక కూర్చున్నారు. సోషల్ మాస్టారు గొంతు తగ్గించి, "వచ్చినవాళ్ళందరం ఒకనాడు పోవలసినవాళ్ళమే కదా" అని మొదలుపెట్టాడు. డ్రిల్లు మాస్టారు అడ్డం వచ్చి, "ఆ కుర్చీ ఊగుతుంది మాస్టారూ, ఇందులో కూర్చోండి" అని తన కుర్చీ నావైపు జరిపాడు. ఈ నెల రోజుల్లో విన్న పరామర్శలన్నిటిలో గుర్తుండేది అదొక్కటే.

ఇంటికొచ్చి టీ పెట్టాను. అలవాటుగా రెండు గ్లాసులకు పెట్టాను. రెండూ తాగాను.

పొద్దున వంటింటి లైటు ఆపడం మరిచిపోయాను. సాయంత్రం బస్సు పెట్రోలు బంకు దగ్గర మలుపు తిరుగుతుంటే, ఆమె ఉన్నప్పటిలాగే కనిపించింది.

నవంబరు 4, మంగళవారం

తొమ్మిదో తరగతిలో బోర్డు మీద 'త్రిభుజాలు' అని రాశాను. పిల్లలు పుస్తకాలు తీయలేదు.

"అయిపోయింది సార్" అన్నారు.

"ఎవరు చెప్పారు?"

"సైన్స్ టీచర్ సార్. ఆకుల బొమ్మలు వేసి చెప్పారు. అర్థమైంది సార్" అంది ముందు బెంచీ పిల్ల. 'అర్థమైంది' అన్న మాటను కొంచెం ఎక్కువ నొక్కింది.

లెక్క ఇచ్చి చూశాను. చేశారు. నా పద్ధతి కాదు. నా పద్ధతి కన్నా పొట్టిగా ఉంది.

నేను సెలవులో ఉన్నన్నాళ్ళూ నా క్లాసులు ఎవరు చూశారని నేను ఎవరినీ అడగలేదు. ఎవరో చూసే ఉంటారనుకున్నాను. అందరూ తలా ఒకటి పంచుకున్నారనుకున్నాను.

నవంబరు 5, బుధవారం

లైటు మళ్ళీ మరిచిపోయాను.

నవంబరు 6, గురువారం

మా స్కూలు ఊరికి దూరం. అసెంబ్లీ కాగానే అటెండరు సబ్‌స్టిట్యూషన్ చీటీ పట్టుకుని తిరుగుతాడు. రాని టీచరు పీరియడ్లు ఆ రోజు ఎవరెవరు తీసుకోవాలో అందులో ఉంటుంది. ఆ చీటీ రాసేది సూపర్‌వైజరు. ఆయన్ని అందరం టైంటేబుల్ గారు అంటాం.

ఇన్నేళ్ళూ సంతకం పెట్టి ఇచ్చేయడమే తప్ప చీటీని పరికించి చూడలేదు. ఈ రోజు చూశాను. సోషల్ మాస్టారు తన పేరు కొట్టేసి పక్కన 'సైన్స్' అని రాశాడు. ఇంగ్లీషు మేడమ్ కూడా అంతే. టైంటేబుల్ గారు తనకు తాను వేసుకున్న పీరియడును కూడా అలాగే కొట్టేసుకున్నారు. తిరిగి తిరిగి చీటీ కొత్తమ్మాయి దగ్గరికి చేరేసరికి అందులో మిగిలింది ఆమె ఒక్కతే.

కొత్తమ్మాయి అంటే సైన్స్ టీచరు. వచ్చి రెండేళ్ళవుతోంది. టెంపరరీ. పర్మనెంటు కానివాళ్ళకు మా స్టాఫ్‌రూమ్‌లో పాతబడే హక్కు లేదు.

"ఆవిడకు ఖాళీ ఎప్పుడు?" అని అడిగాను డ్రిల్లు మాస్టార్ని.

"ఖాళీయా? మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మాస్టారూ. అది కూడా నిలబడి తింటుంది."

నవంబరు 7, శుక్రవారం

స్టాఫ్ మీటింగు.

ప్రిన్సిపాల్ గారు మీటింగు ఎప్పుడూ శుక్రవారం ఆఖరి బెల్లు తర్వాతే పెడతారు. ఆయన ఉండేది స్కూలు క్వార్టర్స్‌లోనే. మిగతావాళ్ళకు ఒకటే బస్సు. డ్రైవరుకు మా తర్వాత ఫ్యాక్టరీ షిఫ్టు ట్రిప్పు ఉంది, అతను ఎవరికోసమూ ఆగడు. మొదటి హారన్ అంటే రమ్మని, రెండో హారన్ అంటే వెళ్తున్నానని. అది పోతే మెయిన్ రోడ్డు దాకా నడవాలి, అక్కడ టౌను బస్సు కోసం పడిగాపులు పడాలి.

ముఖ్యమైన సంగతి ఎప్పుడూ రెండు హారన్ల మధ్యనే వస్తుంది. ముందంతా డస్టర్లు, బాత్రూమ్ తాళాలు. మొదటి హారన్ మోగాక ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇంకొక్క విషయం" అంటారు.

ఈ రోజు ఆ ఇంకొక్క విషయం సైన్స్ సిలబస్. టైంటేబుల్ గారు లేచి, తొమ్మిదిలోనూ పదిలోనూ సైన్స్ చాలా వెనకబడి ఉందన్నారు. పబ్లిక్ పరీక్షల సంవత్సరం అన్నారు. టీచరును మార్చడం మంచిదన్నారు.

"రెండు వారాలు చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే నెలాఖరుకు ఆ అమ్మాయిని పంపేద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ అమ్మాయి అక్కడే, తలుపు పక్క కుర్చీలో ఉంది. "ఎవరికైనా అభ్యంతరమా? మొహమాటం వద్దు. ఎవరికి ఏ ప్రశ్న ఉన్నా అడగండి. జవాబు చెప్పందే నేను ఈ కుర్చీలోంచి లేవను."

ఈ మాట ప్రతి శుక్రవారం అంటారు. ఆయన లేవకుండా మేమెవరం లేవకూడదన్నది ఇక్కడి మర్యాద. అందుకే ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్నా రాలేదు. అందరూ ఒళ్ళో సంచీలు పెట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని ఉన్నారు. రెండో హారన్ మోగకముందే ఆయన లేచారు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మా దగ్గర అది పూర్తి అంగీకారం.

నేనూ అడగలేదు. బస్సు తప్పితే నాకు ఇబ్బంది. ఇంటి దగ్గర పనులుంటాయి.

నవంబరు 9, ఆదివారం

మా అమ్మాయి వచ్చి వెళ్ళింది. వాళ్ళమ్మ బీరువా సర్దుతానంది. వద్దన్నాను.

"నాన్నా, పట్టపగలు వంటింట్లో లైటెందుకు?"

"మరిచిపోయాను."

"కిటికీలోంచి అంత వెలుతురొస్తుంటే అసలు వెయ్యడమెందుకు?"

వెళ్ళేముందు స్విచ్ పక్కన కాగితం అంటించి వెళ్ళింది. 'నాన్నా, ఆపు' అని. పెద్ద అక్షరాలు. చిన్నప్పటి రాతే, ఇప్పటికీ కిందికి జారుతుంది.

నవంబరు 10, సోమవారం

కాగితం చూశాను. చదివాను. మరిచిపోయాను.

నవంబరు 11, మంగళవారం

కొత్తమ్మాయి క్లాసులో ఉండగా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ పౌరుషం వచ్చింది.

"ఇది అన్యాయమండీ" అన్నాడు సోషల్ మాస్టారు. "మన పీరియడ్లన్నీ ఆమె నెత్తిన రుద్ది, సిలబస్ కాలేదంటే ఎట్లా? చరిత్ర క్షమించదు."

"చరిత్ర సంగతి సరే, పోయిన గురువారం మీ పీరియడ్లు రెండూ ఆ పిల్లకే రాశారు కదా" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"ఆ రోజు నాకు నడుం పట్టేసింది."

"మీ నడుం గురువారం గురువారం పడుతుందా?"

నవ్వారు. ఇంగ్లీషు మేడమ్ నవ్వలేదు. "శుక్రవారం ఎవరో ఒకరు అడగాలి" అంది.

"మీరడగండి."

"నా పిల్లాడు డే కేర్‌లో ఉంటాడు. బస్సు దిగి పరిగెత్తితేనే వాళ్ళు గేటు వేసేలోపు అందుతాను. మీరడగకూడదా?"

సోషల్ మాస్టారు నీళ్ళు నమిలాడు. మామగారికి కళ్ళు కనిపించవట, చీకటి పడకముందే ఇంట్లో ఉండాలట. డ్రిల్లు మాస్టారికి సాయంత్రం టౌన్లో పిల్లలకు వాలీబాల్ కోచింగు. ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం. ఏదీ అబద్ధం కాదు. అదే దానితో వచ్చిన చిక్కు.

డ్రిల్లు మాస్టారు నావైపు తిరిగాడు. "మాస్టారూ, మీరే అడగాలి. మీకైతే ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళెవరూ..."

అక్కడ ఆగాడు. ఇంగ్లీషు మేడమ్ పేపర్లు దిద్దడం మొదలుపెట్టింది.

"చూద్దాం" అన్నాను.

నవంబరు 12, బుధవారం

డ్రిల్లు మాస్టారు నాకు రెండుసార్లు టీ తెచ్చిపెట్టాడు. రెండూ తాగాను.

నవంబరు 13, గురువారం

వరండాలో కొత్తమ్మాయి కనిపించింది. చేతిలో సుద్దముక్కలు, చంకలో నా తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం.

"ఇది మీకివ్వాలి సార్. మీరు వచ్చేశారు కదా, ఇంక అక్కర్లేదు."

"నా పీరియడ్లన్నీ నువ్వే తీసుకున్నావా అమ్మా?"

"అన్నీ కాదు సార్. సగం పైన."

"కాదని చెప్పకపోయావా?"

"కాదనడానికి సర్వీసు ఉండాలి కదా సార్." నవ్వింది. "అయినా మీవైతే ఇష్టంగానే తీసుకున్నాను. మీరున్న పరిస్థితికి... మిగతావే కొంచెం."

శుక్రవారం సంగతి ఎత్తాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీరేం అడగొద్దు సార్. మీకు తలనొప్పి. నెలాఖరుదాకా చెప్పగలిగినంత చెబుతాను."

"తర్వాత?"

"అదే సార్ భయం. ఏడాది చివర్లో మానేస్తే ఎవరూ ఏమీ అడగరు. మధ్యలో తీసేస్తే ప్రతి స్కూల్లోనూ మొదటి ప్రశ్న అదే. ఎందుకు తీసేశారని." గంట మోగింది. "ఏడో తరగతి సార్. ఇంగ్లీషు మేడమ్ గారిది" అని వెళ్ళిపోయింది.

రేపు అడుగుతాను. అడగవలసింది ఒక్క ముక్క. ఈ టర్ములో ఎవరి పీరియడ్లు ఎవరు చెప్పారు? అంతే.

నవంబరు 14, శుక్రవారం

అడగలేదు.

ఇంకొక్క విషయం వచ్చింది. మొదటి హారన్ మోగింది. "సిలబస్ ఏమంత ముందుకు కదిలినట్టు లేదు, వచ్చే శుక్రవారం తేల్చేద్దాం" అన్నారు. ఎవరికైనా అభ్యంతరమా అన్నారు. డ్రిల్లు మాస్టారు నా మొహంలోకి చూశాడు. సోషల్ మాస్టారు కూడా చూశాడు. నేను కిటికీలోంచి బస్సును చూశాను.

ఈ రోజు తుది నిర్ణయం కాదు కదా. తేల్చే రోజున అడిగితేనే అర్థం ఉంటుంది.

మలుపు దగ్గర లైటు కనిపించింది. ఆపడం మరిచిపోయినట్టున్నాను.

నవంబరు 16, ఆదివారం

అమ్మాయి ఫోను చేసింది. కొన్నాళ్ళు తన దగ్గరికి రమ్మంది. స్కూలుందన్నాను.

"లైటు ఆపుతున్నావా నాన్నా?"

"ఆ."

నవంబరు 18, మంగళవారం

ఇలాంటి మనుషుల మధ్య ఇన్నేళ్ళు ఎలా పని చేశానో తెలియదు. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. వీళ్ళు మంచివాళ్ళు. ఒకరింట్లో జబ్బు చేస్తే ఆస్పత్రి ముందు అందరూ ఉంటారు. నా ఇంటికీ వచ్చారు, భుజం పట్టారు. ఆ పట్టిన చేతుల్లో ఒక్కటీ శుక్రవారం పైకి లేవదు.

నా చెయ్యి గురించి రాయలేదు. రాయడానికి ఏముంది.

నవంబరు 20, గురువారం

చీటీ వచ్చింది. సోషల్ మాస్టారు రాలేదు. గురువారం. ఆయన ఆఖరి పీరియడు నాకు వేశారు. కొట్టెయ్యలేదు. ఏడో తరగతికి వెళ్ళి నదుల గురించి చెప్పాను. నాకు తెలిసినంత. నది దాటకుండా వెడల్పు ఎలా కొలవచ్చో చెప్పాను, అది నాకు బాగా తెలుసు కాబట్టి.

నవంబరు 21, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

డస్టర్లు అయ్యాయి. గేటు దగ్గర కుక్కలు అయ్యాయి. మొదటి హారన్ మోగింది. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీశారు. "ఇంకొక్క విషయం. సైన్స్ టీచరు ఈ నెలాఖరుదాకానే. ఎవరికైనా అభ్యంతరమా? జవాబు చెప్పందే నేను ఈ కుర్చీలోంచి..."

"ఉందండీ" అన్నాను.

ఆయనకు వినపడలేదనుకుంటాను. సగం లేచారు.

"నాకు అభ్యంతరం ఉంది. ఒక ప్రశ్న కూడా ఉంది."

"సోమవారం నా గదికి రండి మాస్టారూ. తీరుబడిగా మాట్లాడుకుందాం."

"జవాబు చెప్పందే లేవనన్నారు కదండీ."

ఆయన కూర్చున్నారు. మర్యాదస్థుడు. అన్న మాటకు అందరి ముందు కట్టుబడతారు. అది ఆయనలో మెచ్చుకోదగ్గ గుణం, ఈ రోజు దాని మీదే ఆధారపడ్డాను.

"ఈ టర్ములో నా పీరియడ్లు ఎవరు చెప్పారు? నాతో మొదలుపెట్టి, ఇక్కడున్న ఒక్కొక్కరివీ ఎవరు చెప్పారో చెప్పమనండి. తర్వాత సైన్స్ ఎందుకు వెనకబడిందో మాట్లాడుకుందాం."

టైంటేబుల్ గారు అవన్నీ చీటీల్లో ఉంటాయన్నారు. చీటీలు వద్దు, మనుషులు ఇక్కడే ఉన్నారు కదా అన్నాను. రెండో హారన్ మోగింది. ఇంగ్లీషు మేడమ్ లేచి, ప్రిన్సిపాల్ గారు లేవలేదు కాబట్టి మళ్ళీ కూర్చుంది. ఆమె ఒళ్ళోంచి సంచీ జారి టిఫిన్ డబ్బా నేల మీద దొర్లింది. ఎవరూ వంగి తియ్యలేదు.

బస్సు గేటు దాటిన చప్పుడు వినిపించింది. తర్వాత రోడ్డెక్కిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"పోయింది" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

అందరూ నన్ను చూశారు. ఆ చూపులు పూర్తిగా నావే. ప్రిన్సిపాల్ గారికి వాటిలో వాటా లేదు.

"మీకేం మాస్టారూ" అంది ఇంగ్లీషు మేడమ్. "నా పిల్లాడు గేటు దగ్గర ఏడుస్తూ ఉంటాడు." ఫోను తీసి, పక్కింటావిడను బతిమాలి, పిల్లాణ్ణి తెచ్చుకోమని చెప్పింది. ఫోను పెట్టేసి టైంటేబుల్ గారి వైపు తిరిగింది. నా మీది కోపమే, దిశ మార్చుకుంది. "నావి చెబుతా రాసుకోండి. ఈ నెలలో నాకు పడ్డవన్నీ ఆ అమ్మాయికే రాశాను. మీరు చూశారు. మీరూ రాశారు. ఇప్పుడు సిలబస్ కాలేదని లేచి నిలబడి చెప్పేది కూడా మీరే."

"మేడమ్, అలా అందరి ముందు..."

"ఇంకెవరి ముందు? బస్సు పోయిందిగా. రాత్రిదాకా ఇక్కడే ఉంటాను."

డ్రిల్లు మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. "మనలో దాపరికమెందుకండీ. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. నావీ రాసుకోండి."

సోషల్ మాస్టారు లేచాడు. "నిజానికి ఈ సమస్య మూలాలు చాలా వెనకకు..."

"గురువారాలు మాస్టారూ. మూలాలు గురువారాల్లో ఉన్నాయి" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"గురువారాలే" అని కూర్చున్నాడు సోషల్ మాస్టారు.

బస్సు ఉన్నంతసేపూ అందరూ దాని మనుషులే. అది వెళ్ళిపోయాక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. కొత్తమ్మాయి మాత్రం తలుపు పక్కన తల వంచుకుని, దొర్లిన టిఫిన్ డబ్బా మూత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ప్రిన్సిపాల్ గారు అందర్నీ మాట్లాడనిచ్చారు. చివరికి కళ్ళజోడు పెట్టుకున్నారు. "సరే. ఈ ఏడాదంతా ఉండనివ్వండి. చీటీలో పేరు కొట్టెయ్యడం ఇక కుదరదు, ఎవరి పీరియడు వాళ్ళే వెళ్ళాలి. ఏడాది చివర సంగతి అప్పుడు చూద్దాం." తర్వాత నావైపు తిరిగి, "ఇంకేమైనా ఉందా?" అన్నారు.

"లేదండీ."

అప్పుడు లేచారు.

చీకట్లో మెయిన్ రోడ్డు దాకా నడిచాం. ఎవరూ నాతో మాట్లాడలేదు. సోషల్ మాస్టారు ఫోనులో ఇంటివాళ్ళకు జరిగింది చెబుతున్నాడు. ఆ కథలో ప్రశ్న అడిగింది ఎవరో నాకు స్పష్టంగా వినపడలేదు. కొత్తమ్మాయి వెనక ఇంగ్లీషు మేడమ్‌తో నడుస్తోంది. మేడమ్ ఆమెను ఏదో మందలిస్తోంది, కాదనడం నేర్చుకోమని కాబోలు.

టౌను బస్సులో డ్రిల్లు మాస్టారు నా పక్కన కూర్చున్నాడు. పెట్రోలు బంకు మలుపు వచ్చింది.

"మాస్టారూ, మీ వంటింట్లో లైటు వెలుగుతోంది. అమ్మాయి వచ్చిందా?"

"లేదు. ఆపడం మరిచిపోయాను."

అతను అద్దంలోంచి బయటికి చూస్తూ, "రోజూ వెలుగుతూనే ఉంటుంది మాస్టారూ. నేనూ ఆ బస్సులోనే కదా వచ్చేది" అన్నాడు.

"అవునా" అన్నాను.

దిగేటప్పుడు, "మొన్న నేనన్న మాట..." అన్నాడు.

"మీ స్టాపు ముందుది. దాటిపోయింది" అన్నాను.

"తెలుసు" అన్నాడు. వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాడు.

నవంబరు 24, సోమవారం

సోషల్ మాస్టారు, "మనందరం కలిసి అడగబట్టే అయింది" అన్నాడు. అవునన్నాను. టైంటేబుల్ గారు నన్ను పలకరించలేదు. పొద్దున గేటు డ్యూటీ, ఆఖరి పీరియడు పై అంతస్తులో వేశారు. ఇంగ్లీషు మేడమ్ కూడా మాట్లాడలేదు. పిల్లాడికి జ్వరమట. దాని గురించి నేనేమీ చెయ్యలేను, కానీ ఆమె కోపం న్యాయమే.

చీటీలో ఎవరి పేర్లూ కొట్టేసి లేవు.

నవంబరు 26, బుధవారం

తొమ్మిదో తరగతి పిల్లలు వృత్తాలు కూడా సైన్స్ టీచరునే చెప్పమనండి అన్నారు. ఆమెకు తన క్లాసులున్నాయని చెప్పాను. ఆకు బొమ్మ వెయ్యబోయాను. నవ్వారు. చెరిపేసి కంపాస్ తీశాను.

నవంబరు 28, శుక్రవారం

మీటింగు త్వరగా అయిపోయింది. ప్రిన్సిపాల్ గారు ప్రశ్న ఉంటే అడగమన్నారు. జవాబు చెప్పందే లేవనన్న మాట మాత్రం అనలేదు. ఇంకొక్క విషయం కూడా లేదు. మొదటి హారన్ కన్నా ముందే అందరం బస్సు దగ్గరున్నాం. డ్రైవరు గడియారం చూసుకున్నాడు.

డ్రిల్లు మాస్టారు ముందెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. నేను రాగానే లేచి నన్ను లోపలికి జరగమన్నాడు. మలుపు వచ్చినప్పుడు చెప్పు ఊడిందని కిందికి వంగాడు. మలుపు దాటేదాకా లేవలేదు.

అమ్మాయి అంటించిన కాగితం ఇంకా స్విచ్ పక్కనే ఉంది. పొద్దున దాని ముందు కాసేపు నిలబడ్డాను. లైటు వేసే ఉంచి వెళ్ళాను.

మరిచిపోయి కాదు.